గళ్ళ కాగితం వెనకవైపు

పోయిన నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు ఇక్కడే ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది. కాలేజీ పత్రికకు పెద్దవాళ్ళ చేత ఏదైనా రాయించుకుని రమ్మన్నారట. "సార్, మీరు ఆదివారం ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతారు గదా. అది నింపేదానికి చిట్కాలు ఓ పది రాసియ్యండి సార్, మా పిల్లోళ్ళకు పనికొస్తాయి" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. అయినా కసిరింది ఆ పిల్లనే. "చిట్కాలంట చిట్కాలు! నాకేం తెలుసమ్మా?" అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది. మళ్ళీ నేనే సర్దుకుని "సరే, రాసిపెడతాలే, ఆదివారం రా" అని పంపించాను.

రాయడం ఎంతసేపు? అరగంట పని. అందరికీ తెలిసినవే. పెన్నుతో మొదలుపెట్టవద్దు, పెన్సిలు పట్టుకోండి. ముందు ఆధారాలన్నీ, అడ్డం నిలువూ, ఒకసారి చివరిదాకా చదవండి, చదవకుండా గడిలో చెయ్యి పెట్టవద్దు. రెండక్షరాల మాటలు తేలిగ్గా కనిపిస్తాయి గానీ మోసం చేస్తాయి. అయిదారు అక్షరాల పెద్ద మాట ఒక్కటి దొరకబుచ్చుకుంటే చుట్టూ ఉన్నవి వాటంతటవే లొంగుతాయి. ఆధారంలో 'అవి', 'ఇవి' అని ఉంటే చివరి గడిలో 'లు' రాసి పెట్టుకోండి, తర్వాత సంగతి తర్వాత. 'తిరగబడింది' అంటే వెనకనుంచి రాయాలి. 'తల లేదు' అంటే మొదటి అక్షరం తీసెయ్యాలి.

ఇక్కడికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. ఎక్కడైనా చిక్కుకుపోతే లేచి మంచినీళ్ళు తాగి రమ్మనేది కూడా ఒక చిట్కానే. ఇవన్నీ నా సొంత తెలివి కాదు. ఒక మనిషి నాకు నేర్పించాడు. ఆయనకు నేను చేసింది ఇంతవరకూ కాగితం మీద పెట్టలేదు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మాది జమ్మలమడుగు. మా తాత నాయన కాలంలో దొరల మిషన్లో కలిసి క్రైస్తవులయిన కుటుంబం. మా నాయన బడిపంతులు, మా అమ్మ కుట్టుమిషను కుట్టేది. జమ్మలమడుగు నుంచి బస్సులో ముప్పావు గంట దూరంలో ఒక ఊరి హైస్కూల్లో నాకు లెక్కల పంతులుగా పని దొరికింది. పర్మనెంటు కాదు. రెండేళ్ళు అదే బడిలో పని చేసినట్టు హెడ్‌మాస్టరు కాగితం రాసిస్తేనే పర్మనెంటు. ఆ హెడ్‌మాస్టరు, ఊరి పెద్దాయన తల ఊపితే తప్ప హాజరుపట్టీ కూడా తెరవడు.

ఆ రోజులు ఎట్లాంటివో ఈ తరం పిల్లలకు చెప్తే కథలు చెప్తున్నాననుకుంటారు. ఊరు మొత్తం పెద్దాయన పార్టీ. అవతలి పార్టీవాళ్ళు ఊరు వదిలేసి పోయి అప్పటికే ఏళ్ళయింది, వాళ్ళ ఇళ్ళకు వేసిన తాళాలు తుప్పుపట్టిపోయాయి. పెద్దాయన ఇంటి నుంచి కదిలితే ముందొక జీపు, వెనకొక జీపు. క్లాసులో లెక్క చెప్తుంటే ఎక్కడో టైరు పేలినా పిల్లలు బల్లల కింద దూరేవాళ్ళు. పార్టీ అంటే ఓటుతో పోయేది కాదు. ఏ హోటల్లో టీ తాగుతావు, ఎవరి దగ్గర గడ్డం గీయించుకుంటావు, ఏ పేపరు చదువుతావు, అన్నీ పార్టీనే.

పేపరు సంగతే చెప్పాలి. మా పార్టీకి ఒక పేపరు, వాళ్ళ పార్టీకి ఒక పేపరు. ఊరికి మా పేపరొక్కటే వచ్చేది. రెండోది ఊరి ముందరి మోరీ వంతెన దాటి లోపలికి రాకూడదని నేను చేరిన కొత్తల్లోనే పెద్దాయన ఆజ్ఞ వేశాడు. ఒకసారి ఎవరో బంధువు సంచిలో ఆ పేపరు చుట్టి బెల్లం తెస్తే, బెల్లం మట్టిలో పారబోసి కాగితం కాల్చారు. నేను కళ్ళారా చూశాను.

మా బడి తెలుగు పండితుడికి ఈ ఆజ్ఞ పెద్ద కష్టం తెచ్చిపెట్టింది. ఆయనది పూజారుల కుటుంబం. ఆ ఊర్లో ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు, రిటైరవడానికి ఇంకా మూడేళ్ళు ఉంది. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆయనను అయ్యవారు అనేవాళ్ళు, నేను సార్ అనేవాణ్ణి. మంచి గళ్ళనుడికట్టు వచ్చేది ఆ నిషేధించిన పేపర్లోనే. అది ఒక పార్టీది కాకముందు నుంచీ, ఇరవై ఏళ్ళుగా, ఆయన ఒక్క వారం తప్పకుండా నింపుతున్నాడు. మా పేపర్లోనూ ఒకటి వచ్చేది గానీ, "అది పసిపిల్లలు నింపేదిలే నాయనా" అని కొట్టిపారేసేవాడు.

ఆయన ఒక్కడి సరదా అయితే ఎప్పుడో మానుకునేవాడు. ఆ గళ్ళు ఆయన భార్య కోసం. ఆమెకు కళ్ళు పోయి ఎనిమిదేళ్ళు. సోమవారం మధ్యాహ్నం ఆయన గడప దగ్గర కూర్చుని ఆధారాలు ఒక్కొక్కటే పైకి చదివేవాడు. ఆమె లోపల బియ్యం చెరుగుతూనో చింతపండు పిక్కలు తీస్తూనో జవాబు చెప్పేది. గళ్ళన్నీ ఆమె మనసులోనే గీసుకునేది. "నిలువు ఏడులో మూడో అక్షరం 'ప' గదా, ఇది సప్తపది అయితాది చూడండి" అనేది. కళ్ళున్న మా ఇద్దరికీ అప్పటిదాకా తట్టేది కాదు. ఆధారం పైకి చదవండి, వినేవాళ్ళు పక్కన ఉంటే ఇంకా మంచిది అని ఆ అమ్మాయికి రాసిచ్చానే, అది ఆ ఇంటి గడప దగ్గర నేర్చుకున్నదే.

ఆమె ఆ ఇంట్లో చూపున్న మనిషిలాగానే తిరిగేది. పొయ్యి నుంచి నీళ్ళ తొట్టికి పదకొండు అడుగులు, తొట్టి నుంచి వాకిలికి ఏడు. తన పొయ్యి తనే వెలిగించుకునేది, తన తల తనే దువ్వుకునేది. ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే, నాతో ఎన్నోసార్లు చెప్పాడు. "ట్రాన్స్ఫరు రాకుండా ఈ ఊర్లోనే రిటైరయిపోవల్ల నాయనా. ఈమెను ఈ ఇల్లు కదిలించగూడదు. ఇంకో ఇంట్లో పెడితే ఈమె నిజంగా గుడ్డిదయితాది."

అందుకని నేను ఒక పని పెట్టుకున్నాను. శనివారం సాయంత్రం జమ్మలమడుగు పోతాను, ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, పోతాను, గుడి నుంచి వస్తూ బస్టాండులో ఆ పేపరు కొంటాను. ఇంటికి పోయి గళ్ళూ ఆధారాలూ ఉన్నంతవరకు కత్తిరించి, పరిశుద్ధ గ్రంథంలో పెట్టుకుని, సోమవారం మొదటి బస్సుకు ఊరికి వస్తాను. మోరీ దగ్గర పెద్దాయన మనుషులు సంచులు తడిమేవాళ్ళు గానీ బైబిలు తెరిచి చూసేవాళ్ళు కాదు. ఏడాది పైన ఇట్లా నడిచింది. పొద్దున స్టాఫ్‌రూములో ఆ కాగితం చేతిలో పెడితే ఆయన మొహం వెలిగిపోయేది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే ఇద్దరం వాళ్ళింటికి పోయేవాళ్ళం.

నేను వసారాలోనే కూర్చునేవాణ్ణి. లోపలికి రమ్మని వాళ్ళు అనలేదు, నేనూ పోలేదు. నాకు మజ్జిగ ఇవ్వడానికి ఒక గ్లాసు విడిగా ఉండేది. వసారా గూట్లో బోర్లించి పెట్టేవాళ్ళు. ఆమె గోడ తడుముకుంటూ వచ్చి, ఆ గూట్లోంచి ఆ గ్లాసే తీసి, పోసి ఇచ్చేది. "ఉప్పు సరిపాయనా నాయనా?" అని అడిగేది. నాకు ఆ గ్లాసు గుచ్చుకునేది. గుచ్చుకున్నా తాగేవాణ్ణి.

ఆ ఏడాది ఎండాకాలానికి ముందు, పెద్దాయన జీపు మీద బాంబులు పడ్డాయి. డ్రైవరు చెయ్యి పోయింది. పెద్దాయనకు మోకాలిలో ఇనుప ముక్క దిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినా పుండు మానలేదు. వారం వారం జ్వరం. ఊర్లో ఎవరి నోట విన్నా ఒకటే మాట, "ఇది మందులకు లొంగేది గాదప్పా, యాడనో ఎవురో ఏందో జేయించినారు."

ఆ ఆదివారం గుడిలో ఆలస్యమైంది. ఎవరిదో బారసాల భోజనం కూడా ఉంది. ఇంటికి వచ్చి, మా అమ్మ కుట్టుమిషను మీద ఉన్న పెద్ద కత్తెర అందుకుని, గళ్ళ చుట్టూ బరబరా కత్తిరించి, బైబిల్లో పెట్టేసి భోజనానికి పరుగెత్తాను. వెనకవైపు ఏముందో చూడలేదు. ఎప్పుడూ చూడలేదు. చూడాలని కూడా తెలియదు.

వెనకవైపు ఉన్నది మా ఊరి పెద్దాయన ఫోటో. జీపు కేసు గురించి ఏదో వార్త, దానికి ఎప్పటిదో పాత ఫోటో వేశారు. తెల్లచొక్కా, మెడలో పూలదండ, నమస్కారం పెడుతున్న చేతులు, కింద పెద్ద అక్షరాలతో పేరు. నా కత్తెర సరిగ్గా దండకు పైన పోయింది. దండ ఉంది, చేతులు ఉన్నాయి, పేరు ఉంది. తల మాత్రం జమ్మలమడుగులో మా ఇంట్లో చిత్తుకాగితాల్లో ఉండిపోయింది.

సోమవారం ఆ కాగితం ఆయనకు ఇచ్చాను. మధ్యాహ్నం ముగ్గురం సగం పైన నింపాం. వెనకవైపు ఆయనా చూడలేదు. మంగళవారం పొద్దున ఆయన మామూలుగా టీ హోటలు దగ్గర మా పార్టీ పేపరు తిరగేయడానికి పోయి, జేబులోంచి కళ్ళజోడు తీశాడు. ఆ జోడుతో పాటు కాగితం జారి కింద పడింది. అది బోర్లా పడింది. హోటలువాడు దాన్ని తీశాడు. ఆయనకు ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకుని నేరుగా పెద్దాయన ఇంటికి పోయాడు.

ఒకవైపు తల లేని పెద్దాయన. తిప్పితే గళ్ళు, ఆ గళ్ళల్లో ఒక్కొక్కటిగా రాసిన అక్షరాలు, మధ్య మధ్య నల్లటి గళ్ళు. రాసింది పూజారుల వంశంవాడు. ఇంకేం కావాలి! ఊరికి జవాబు దొరికిపోయింది. చేతబడి, నాలుగక్షరాలు.

ఇక్కడొక చిట్కా ఉంది, ఆ అమ్మాయికి రాసిచ్చాను కూడా. గళ్ళకు సరిపోయినంత మాత్రాన అది జవాబు కాదు. 'సాయంత్రానికి గూటికి చేరేవి', మూడక్షరాలు అని ఇచ్చాడనుకోండి. పక్షులు సరిపోతుంది, పిట్టలు సరిపోతుంది, కాకులు కూడా సరిపోతుంది. అడ్డంగా వచ్చే మాటలు ఒప్పుకున్నదాకా దేన్నీ ఖాయం చేయకూడదు. ఒకటి తప్పు రాసి మొండికేస్తే దాని పక్కన వచ్చేవన్నీ తప్పులే. సార్ ఈ మాట క్లాసులో పిల్లలకు కూడా చెప్పేవాడు. ఆ పిల్లల నాయనలే ఆరోజు పెద్దాయన వసారాలో కొడవళ్ళు పట్టుకుని నిలబడ్డారు.

పదకొండు గంటలకు బడికి మనిషి వచ్చాడు. "పెద్దాయన పిలుస్తాండాడు. అయ్యవార్లంతా రావల్లంట." అందరం పోయాం. పెద్దాయన మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆ కాగితం ఒక పళ్ళెంలో పెట్టి, దాని మీద నిమ్మకాయ పెట్టారు. చేత్తో ముట్టుకోవడానికి భయం. తల లేని ఆ బొమ్మను అప్పుడే నేను మొదటిసారి చూశాను.

"అయ్యవారూ, ఈ ఊరు నీకేం తక్కువ జేసింది?" అన్నాడు పెద్దాయన. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

సార్ నెమ్మదిగానే చెప్పాడు. "ఇది పదాల ఆట పెద్దాయనా. పేపర్లో వస్తాది. ఆధారం ఇస్తారు, మాట కనుక్కుని గళ్ళల్లో రాసేది. వెనకపక్క ఏముందో నేను చూసుకోల్యా. అది నా తప్పే."

"ఆటయితే ముసలోనివి, నువ్వెందుకు ఆడతాండావు?" అని ఒకడు. "మా చిన్నమ్మకు గాలి సోకినప్పుడు తాయెత్తులో రేకు చూసినా అన్నా. ఇట్లనే గళ్ళు, గళ్ళల్లో అక్షరాలు" అని ఇంకొకడు.

"ఏ పేపరిది?" అన్నాడు పెద్దాయన.

సార్ పేపరు పేరు చెప్పాడు. వసారాలో ఒక్కసారి గోల లేచింది. పెద్దాయన చెయ్యి ఎత్తితే ఆగింది.

"ఆ పేపరు ఈ ఊర్లేకి ఎట్లొచ్చె? ఎవురు తెచ్చిచ్చినారు నీకు? పేరు జెప్పు. నిన్నేమీ అనను."

నేను సార్‌కు రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆయన నావైపు చూస్తాడని ఎదురుచూశాను. చూడలేదు. తల కూడా ఇటు తిప్పలేదు. "ఎవురూ తెచ్చియ్యలేదు. నేనే జమ్మలమడుగు పోయినప్పుడు కొనుక్కున్నా. నేనే కత్తిరించినా" అన్నాడు.

ఆయన ఊరు దాటి మూడు నెలలయింది. గుడ్డి భార్యను వదిలి ఎక్కడికీ పోడని ఆ వసారాలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. వారం వారం జమ్మలమడుగు పోయేది ఎవరో కూడా తెలుసు. ఒక్కడు అడగలేదు. అడగకపోతే నేనైనా చెప్పాలి గదా? నోరు తెరిచి, అయ్యా, తెచ్చింది నేను, కత్తిరించింది నేను, ఆయనకేం తెలియదు, అనడానికి ఎన్ని మాటలు కావాలి? పర్మనెంటు కాగితానికి నాలుగు నెలలే ఉంది. నా కళ్ళ ముందు ఆ కొడవళ్ళు ఉన్నాయి. ఈ రెండిట్లో నన్ను ఆపింది ఏదని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. కొడవళ్ళే అని చెప్పుకుంటే కాస్త పరువుగా ఉంటుంది. నిజం చెప్తున్నాను, నేను లెక్కపెట్టింది నెలలు.

ఇల్లు వెతకమన్నారు. మమ్మల్ని కూడా వెంట నడిపించారు. సార్‌కు ఒక రేకుపెట్టె ఉండేది. ఇరవై ఏళ్ళ గళ్ళు, వారం వారం వరసగా, దారంతో కట్టలు కట్టి పెట్టుకున్నాడు. ఒక్కసారి నెమ్మదిగా చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, ఇన్నేళ్ళ కిందట ఈ పెద్దాయన ఎవరు, ఆయన మోకాలెక్కడ! కానీ పెట్టె మూత తీసినవాడు బయటికి ఉరికి వచ్చి, "ఒగటి గాదన్నా, పెట్టె నిండుకూ ఉండాయి! నూర్ల యంత్రాలుండాయి!" అని కేక పెట్టాడు. ఆయన నిర్దోషి అని చూపించగలిగింది ఆ పెట్టె ఒక్కటే, దాన్ని చూసే ఆయన్ను దోషి అన్నారు.

ఇంటి ముందే పోసి కాల్చారు. మిట్టమధ్యాహ్నం. ఆమె వాకిలి పట్టుకుని నిలబడి, "ఏందండీ అది? కాగితం కాల్తాండే వాసన వస్తాంది. ఏం కాలుస్తాండారు?" అని అడుగుతోంది. నన్ను గొంతుతో గుర్తుపడుతుందని నేను దగ్గడం కూడా ఆపుకున్నాను.

"బాపనాయన్ని కొట్టినానన్న పాపం నాకొద్దు. రేపు పొద్దుగూకేలోపల ఊర్లో ఉండగూడదు" అని పెద్దాయన తీర్పు చెప్పాడు. హెడ్‌మాస్టరు ఆ సాయంత్రమే కాగితాలు రాశాడు. పులివెందుల అవతల, లింగాల వైపు ఒక బడికి సార్‌ను మార్చారు. బుధవారం ఒక ట్రాక్టరులో సామాను ఎక్కించారు. ఎత్తడానికి ఊర్లో ఒక్కడు రాలేదు. నేను బడి కిటికీలోంచి చూశాను. ఆమె ట్రాక్టరు ఎక్కే ముందు వెనక్కి తిరిగి, వాకిలి నుంచి తొట్టికి, తొట్టి నుంచి పొయ్యికి, ఒకసారి నడిచి వచ్చింది.

ఇంతటితో అయిపోతే, భయపడ్డాడులే కుర్రాడు అని నన్ను నేను క్షమించుకునేవాణ్ణేమో. ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ ఆ పేపరు కొన్నాను. పోయినవారం గళ్ళకు జవాబులు ఈ వారం వేస్తారు గదా. వేశారు. అవే గళ్ళు, అవే నల్లగళ్ళు, మేం ముగ్గురం నింపిన మాటలే అచ్చులో. ఈసారి వెనకవైపు తిప్పి చూశాను, ఏదో ఎరువుల ప్రకటన. జాగ్రత్తగా కత్తిరించి బైబిల్లో పెట్టుకున్నాను. ఆ కాగితం తీసుకుపోయి, పెద్దాయనా, ఇదిగో చూడండి, ఇది ఆటే, జవాబులు కూడా అచ్చేశారు అంటే చాలు. బదిలీ రద్దు చేయించడానికి ఇంకా సమయం ఉంది. ఆ ఇంట్లోకి ఇంకా ఎవరూ చేరలేదు. సోమవారం మోరీ దాటాను. వాళ్ళు ఎప్పటిలాగే సంచి తడిమి, బైబిలు వదిలేశారు. సాయంత్రం దాకా ఆ కాగితం నా దగ్గరే ఉంది. మంగళవారమూ ఉంది. ఇప్పటికీ ఉంది.

ఆ గ్లాసును కూడా నాకు సాకుగా వాడుకున్నాను, ఛీ. నా గ్లాసు వేరే గూట్లో బోర్లించినవాళ్ళ కోసం నేనెందుకు చావాలి అని రాత్రీ పగలూ మనసుకు చెప్పుకున్నాను. కొన్నాళ్ళు అది బాగానే పని చేసింది.

నాలుగు నెలలకు హెడ్‌మాస్టరు కాగితం రాసిచ్చాడు. పెద్దాయన తల ఊపాడు. "మంచోడప్పా ఈ సారు, నోట్లో నాలుక ల్యాదు" అని మెచ్చుకున్నాడు కూడా. నేను చేతులు కట్టుకుని నవ్వాను.

ఇంకో సంగతి చెప్తే మీరు నవ్వుతారు. మూడేళ్ళకు ఎన్నికలొచ్చాయి, పెద్దాయన పార్టీ మారాడు. మోకాలు అప్పటికే మానిపోయింది, కర్నూలులో ఎవరో డాక్టరు లోపల మిగిలిపోయిన ఇనుప ముక్క తీసేశాడు. అవతలి పార్టీవాళ్ళు తాళాలు తీసుకుని ఇళ్ళకు వచ్చారు. వాళ్ళ పేపరే మా పేపరయింది. ఆ హోటలువాడే, ఆ చేత్తోనే, ఆ పేపరును దారానికి వేలాడదీశాడు. ఆదివారం గళ్ళు ఎవరూ నింపకుండా బజ్జీలకు పోయేవి.

సార్‌ను మళ్ళీ చూసింది ప్రొద్దుటూరు లైబ్రరీలో, తొమ్మిదేళ్ళ తర్వాత. నేను అప్పటికి ఇక్కడికి బదిలీ అయ్యాను. బల్ల చివర ఒక ముసలాయన, ముందు ఆదివారం పేపరు, పక్కన నోటుపుస్తకం, చేతిలో స్కేలు. నోటుపుస్తకంలో గళ్ళు గీస్తున్నాడు. పేపర్లో గళ్ళు చూస్తూ, ఒక్కొక్కటే స్కేలు పెట్టి, నల్లగళ్ళు పెన్సిలుతో రుద్ది, మొత్తం తన పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాడు. లైబ్రరీ పేపరు కత్తిరించకూడదు, అది నిజమే. కానీ ఆయన ఇంట్లో కూడా అట్లాగే గీసుకుంటాడని తర్వాత చెప్పాడు. ఆ రోజు తర్వాత మళ్ళీ కత్తెర పట్టలేదట.

నన్ను గుర్తుపట్టాడు. "ఏం నాయనా, బాగుండావా? పర్మనెంటు అయిందా?" అన్నాడు.

ఆ రెండో ప్రశ్నకు నాకు తల కొట్టేసినట్టయింది. అయిందన్నాను. "అమ్మ ఎట్లుంది సార్?" అని అడిగాను.

"పోయింది. లింగాలపక్క ఇంట్లో గడప ఎత్తు. దిగినప్పుడల్లా తట్టుకునేది. ఒగనాడు పడింది, తుంటి విరిగింది. ఆర్నెల్లు మంచంలో ఉండి పోయింది." కాసేపు స్కేలు అటూ ఇటూ తిప్పాడు. "ఆ ఊరు వదిలినాక నాతో మళ్ళీ గళ్ళు ఆడలేదు నాయనా. నేను చదవబోతే వద్దనేది. 'కాగితం వెనక చూసుకోకుండా కత్తిరించి నా ఇల్లు పోగొడితివి గదయ్యా' అనేది. పోయేదాకా అదే మాట. శానా కోపం ఉండె నా మీద."

"సార్, కత్తిరించింది నేను గదా!" అన్నాను. తొమ్మిదేళ్ళు ఆలస్యంగా, ఒక లైబ్రరీ బల్ల దగ్గర, అవతల ఎవరూ వినకుండా. "ఆమెకైనా ఎందుకు చెప్పలేదు మీరు?"

ఆయన నావైపు చూశాడు. ఆ రోజు వసారాలో చూడనివాడు ఇప్పుడు చూశాడు. "ఆమెకు నువ్వంటే ఇష్టం నాయనా. సోమవారమైతే నీ గ్లాసు రెండుసార్లు కడిగి పెట్టేది. ఊరంతా ఆమెకు చేదయిపాయె. నువ్వొక్కడివన్నా మిగులుతావులే అని, పేపరు నువ్వు తెచ్చినా కత్తిరించింది నేనేనని చెప్పినా. అక్కడికి పోయినాక కూడా ఆ గ్లాసు గూట్లోనే పెట్టుకునింది, ఎప్పుడన్నా వస్తావని."

నేను ఏడ్చాను. ఆయన ఊరుకోబెట్టలేదు, తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది. గళ్ళు గీయడం పూర్తిచేసి, స్కేలు జేబులో పెట్టుకుని లేస్తూ, క్లాసులో వెనకబెంచీవాడికి చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. "కత్తిరించేముందు ఒగసారి వెనక్కి తిప్పి చూసుకో నాయనా."

ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది. పెన్సిలు, పెద్ద మాటలు, చివరి 'లు', పైకి చదవడం, అన్నీ బాగున్నాయంది. పదోది చదివి నవ్వింది.

"ఈ చివరిది తీసేస్తాను సార్. పేపరు కత్తిరించేముందు వెనకపక్క చూడమని రాసినారు. ఇప్పుడెవరు కత్తిరిస్తారు సార్, అందరూ ఫోన్లోనే గదా నింపేది. దీనికి అర్థం ఏముంది?"

దానికి అర్థం ఏముందో చెప్పడానికి నోరు తెరిచాను. పిల్ల ఓపికగా ఎదురుచూసింది. బైబిలు అక్కడే, నా చేతికి అందేంత దూరంలో ఉంది, జవాబుల కాగితం అందులోనే ఉంది.

"తీసెయ్యమ్మా" అన్నాను.